పెట్టెలో లైనక్స్ ఉంటే సోర్స్ కోడ్ ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, ఎన్నాళ్లివ్వాలి?

ఒంగోలులో ఏడెనిమిది మంది పనిచేసే ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థ ఉందనుకుందాం. రొయ్యల గుంట నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్‌తో కొలిచి, లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగగానే ఏరియేటర్లను (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలను) ఆన్ చేసే కంట్రోలర్ పెట్టె వాళ్ల సరుకు. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటే వేళ రైతు గట్టు మీద కాపలా కూర్చోకుండా చేసే పెట్టె అది. విడవలూరు దగ్గర దాన్ని కొన్న ఒక రైతు కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పెట్టె ఆన్ అయ్యేటప్పుడు స్క్రీన్ మీద లైనక్స్ (ఆ పెట్టెను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్) అన్న మాట చూసి సంస్థకు మెయిల్ రాశాడు: "ఇందులో ఉన్న లైనక్స్ సోర్స్ కోడ్ పంపగలరా?"

ఆఫీసులో రెండు వాదనలు లేస్తాయి. "లైనక్స్ ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. అతనికి మనం ప్రత్యేకంగా ఇచ్చేదేముంది?" అని ఒకరు. "లైనక్స్ వాడితే మన ప్రోగ్రామ్ కూడా ఊరంతా పంచాల్సిందే, దాని జోలికి పోవద్దని ముందే చెప్పాను" అని ఇంకొకరు. రెండూ తప్పే. ఇలాంటి మెయిల్ ఏ సంస్థకు వచ్చినా ఈ రెండు మాటలే వినపడతాయి కాబట్టి అసలు సంగతి మొదటినుంచీ చూడాలి.

## ఉచితం కాదు, అనుమతి

ప్రోగ్రామర్ రాసేది సోర్స్ కోడ్. దాన్ని కంపైల్ చేస్తే యంత్రం నడపగలిగే బైనరీ వస్తుంది. పెట్టెలోకి ఎక్కేది బైనరీయే. బైనరీని నడపవచ్చు గానీ, చదివి అర్థం చేసుకుని మార్చడం దాదాపు అసాధ్యం. ఆక్సిజన్ హద్దు 4 బదులు 4.5 పెట్టుకోవాలన్నా, అందుకు సెట్టింగ్ లేకపోతే, సోర్స్ ఉన్నవాడే ఆ పని చేయగలడు.

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. అంటే రాసినవారి అనుమతి లేకుండా కాపీ చేసి అమ్మడం కుదరదు. లైసెన్స్ అంటే ఆ అనుమతి పత్రం. ఓపెన్ సోర్స్ లైసెన్సులు అనుమతిని అందరికీ ముందే ఇచ్చేస్తాయి, అయితే షరతులతో. డబ్బు తీసుకోవద్దన్నది ఆ షరతుల్లో లేదు. లైనక్స్ వచ్చే జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) కింద ఉన్న సాఫ్ట్‌వేర్‌ను కూడా ఎంతకైనా అమ్ముకోవచ్చు.

షరతులను బట్టి లైసెన్సులు రెండు కుదుళ్లు. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 వంటివి సోర్స్ ఇవ్వమని అడగవు. కాపీరైట్ ప్రకటన, లైసెన్స్ పాఠం తీసేయకుండా ఉంచితే చాలంటాయి. ఈ చిన్న షరతును కూడా చాలామంది మరిచిపోతారు. యూజర్ మాన్యువల్ చివర నాలుగు పేజీల లైసెన్స్ పాఠాలు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. రెండో కుదురు కాపీలెఫ్ట్: జీపీఎల్, ఎల్‌జీపీఎల్, ఏజీపీఎల్. "బైనరీ ఇస్తే దాని సోర్స్ కూడా అందాలి, అందుకున్నవారికి నీకున్న హక్కులే ఉండాలి" అన్నది వీటి సారం. 1991లో వచ్చిన జీపీఎల్ వెర్షన్ 2 కిందే నేటికీ లైనక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఉంది. వెర్షన్ 3, ఏజీపీఎల్ రెండూ 2007లో వచ్చాయి.

## వాడితే కాదు, చేతులు మారితే

జీపీఎల్‌లో సోర్స్ ఇవ్వాల్సిన బాధ్యత వాడకంతో పుట్టదు, మార్పులు చేయడంతోనూ పుట్టదు. కాపీ ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు పుడుతుంది. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడినుంచే వస్తుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి.

చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే వ్యాపారి ఈఆర్‌పీనెక్స్ట్ అనే అకౌంటింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడనుకుందాం. దాని లైసెన్స్ జీపీఎల్ వెర్షన్ 3. బ్లాకులను క్యూబిక్ మీటర్లలో, కోసిన పలకలను చదరపు అడుగుల్లో లెక్కించేలా, ఒక బ్లాకులోంచి ఎన్ని పలకలు వచ్చాయో చూపేలా తన ఉద్యోగి చేత మార్పించుకున్నాడు. సాఫ్ట్‌వేర్ తన ఆఫీసు దాటి పోలేదు. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. పక్క క్వారీ యజమాని వచ్చి "జీపీఎల్ కదా, నీ మార్పులు చూపించు" అని అడిగితే కాదనే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది.

ఇప్పుడు ఆ మార్పులను ఒంగోలులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ చేసి, వ్యాపారి సర్వర్‌లో ఎక్కించి బిల్లు ఇచ్చిందనుకుందాం. ఇక్కడ కాపీ చేతులు మారింది. సోర్స్ అందాల్సింది ఆ వ్యాపారికి, ప్రపంచానికి కాదు. ఈఆర్‌పీనెక్స్ట్ చాలావరకు పైథాన్‌లో రాసింది కాబట్టి సోర్స్ ఎలాగూ సర్వర్‌లోకి వచ్చేస్తుంది. పేచీ బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ దగ్గర వస్తుంది. ఖాళీలన్నీ పీకేసి, వేరియబుల్ పేర్లు ఒక్కో అక్షరానికి కుదించిన ఫైలును "ఇదే సోర్స్" అనడం చెల్లదు. మార్పులు చేయడానికి ఏ రూపం అనువుగా ఉంటుందో అదే సోర్స్ అని జీపీఎల్ స్పష్టంగా చెబుతుంది. పైగా ఆ వ్యాపారి తనకు అందిన కోడ్‌ను పక్క క్వారీకి ఇచ్చుకోవచ్చు. "ఇంకెవరికీ ఇవ్వనని సంతకం పెట్టు" అని సంస్థ అడగకూడదు.

చేతులు మారడమంటే పెట్టె అమ్మడమొక్కటే కాదు. ఇంటర్నెట్ ద్వారా పంపే ఫర్మ్‌వేర్ (పెట్టెలోని సాఫ్ట్‌వేర్ మొత్తం) అప్‌డేట్, వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్‌కు పెట్టిన ఫైలు, ఫోన్ యాప్, డాకర్ హబ్ సైట్‌లో అందరికీ పెట్టిన ఇమేజ్ (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కట్టిన మూట), అన్నీ పంపిణీలే. డాకర్ సంగతి చాలామందికి తట్టదు. తమ ప్రోగ్రామ్ చిన్నదే గానీ, దాని కింద ఆధారంగా తీసుకున్న ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ ఇమేజ్‌లో బిజీబాక్స్ అనే కమాండ్ల కట్ట ఉంటుంది. అది జీపీఎల్ వెర్షన్ 2.

## పెట్టె మూత తీసి చూస్తే

మళ్లీ ఏరియేటర్ కంట్రోలర్ దగ్గరికి వద్దాం. అందులో సాఫ్ట్‌వేర్ ఒకటే ముద్దగా ఉండదు, పొరలు పొరలుగా ఉంటుంది. కరెంటు రాగానే లేచేది యూ-బూట్, జీపీఎల్ వెర్షన్ 2. అది లేపేది లైనక్స్ కెర్నల్, అదే లైసెన్స్. మామూలు కమాండ్లన్నీ కలిపి ఇచ్చే బిజీబాక్స్ కూడా అంతే. కింద సీ లైబ్రరీగా, అంటే ప్రోగ్రాములన్నీ పిలిచి వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్‌గా, యూసీలిబ్‌సీ-ఎన్‌జీ, సెన్సర్‌తో ఆర్ఎస్-485 తీగ మీద మాట్లాడే లిబ్‌మోడ్‌బస్, రెండూ ఎల్‌జీపీఎల్ 2.1. రీడింగులు దాచే ఎస్‌క్యూలైట్‌ను దాని రచయితలు పబ్లిక్ డొమైన్‌కు వదిలేశారు, షరతే లేదు. వీటన్నిటి పైన సంస్థ సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్: ఏ గంటకు ఎన్ని ఏరియేటర్లు తిరగాలో, జనరేటర్ మీదికి మారినప్పుడు ఏది ముందు ఆపాలో తేల్చేది. సంస్థ పెట్టుబడి అంతా ఆ చివరి పొరలోనే ఉంది, భయమూ దాని గురించే.

ఆ భయానికి సూటి జవాబు కెర్నల్ లైసెన్స్ ఫైలులోనే ఉంది. మామూలు సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌ను పని అడిగే పిలుపులు) ద్వారా కెర్నల్ సేవలు వాడుకునే ప్రోగ్రాములు కెర్నల్ నుంచి పుట్టిన రచనలు కావని అందులో రాసి ఉంది. కాబట్టి లైనక్స్ మీద నడిచినంత మాత్రాన సంస్థ ప్రోగ్రామ్ జీపీఎల్ కిందికి రాదు. పక్కన బిజీబాక్స్ ఒకే మెమరీ చిప్‌లో కూర్చున్నా రాదు. వేర్వేరు రచనలను ఒకే పెట్టెలో చేర్చడం వాటిని కలపడం కాదు.

గీత దాటేది లైబ్రరీల దగ్గర. సర్వీస్ ఇంజనీర్ లాప్‌టాప్ పెట్టి కమాండ్లు టైపు చేసేటప్పుడు పై బాణం నొక్కితే పాత కమాండ్ రావాలని ఎవరో గ్నూ రీడ్‌లైన్ లైబ్రరీని ప్రోగ్రామ్‌కు లింక్ చేశారు, అంటే కలిపారనుకోండి. రీడ్‌లైన్ ఎల్‌జీపీఎల్ కాదు, పూర్తి జీపీఎల్ వెర్షన్ 3. ఆ ఒక్క సౌకర్యంతో మొత్తం ప్రోగ్రామ్ జీపీఎల్ కింద పంపిణీ కావాలన్న వాదనకు తలుపు తెరుచుకుంటుంది. అదే పనికి బీఎస్‌డీ లైసెన్స్‌తో లిబ్‌ఎడిట్ ఉంది. ఇలాంటివి నిర్ణయం తీసుకుని చేసేవి కావు, ఒక మధ్యాహ్నం ఎవరో బిల్డ్ ఫైలులో (సోర్స్‌ను బైనరీగా మార్చే ఆదేశాల ఫైలు) ఒక వరుస చేర్చడం వల్ల జరిగిపోతాయి.

ఎల్‌జీపీఎల్ మెత్తనిది. లిబ్‌మోడ్‌బస్‌ను విడి ఫైలుగా ఉంచి, నడిచేటప్పుడు కలిసేలా డైనమిక్‌గా లింక్ చేస్తే, ఆ లైబ్రరీ సోర్స్ ఇస్తే సరిపోతుంది. సంస్థ ప్రోగ్రామ్ మూసే ఉండవచ్చు. జాగా కలిసొస్తుందని స్టాటిక్‌గా లోపలికి కలిపేస్తే మాత్రం, లైబ్రరీని మార్చుకున్నవాడు మళ్లీ లింక్ చేసుకోగలిగేలా సంస్థ ప్రోగ్రామ్ తాలూకు ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైల్ అయి ఇంకా లింక్ కాని ముక్కలు) ఇవ్వాలి. ఇంకో షరతు తరచూ కంటపడదు: తన అవసరానికి మార్చుకోవడాన్ని, ఆ మార్పుల్లో దోషాలు పట్టుకోవడానికి రివర్స్ ఇంజనీరింగ్ చేయడాన్ని కస్టమర్ ఒప్పందంలో నిషేధించకూడదు. "ఈ ఉత్పత్తిని విప్పి చూడరాదు" అని ఇంటర్నెట్‌లోంచి ఎత్తి అతికించిన వారంటీ కాగితాలు ఇక్కడే తప్పుతాయి.

## "పూర్తి సోర్స్" అంటే ఎంత

విడవలూరు కుర్రాడికి "కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి దించుకో" అని లింకు పంపితే సరిపోతుందా? సరిపోదు. ఇవ్వాల్సింది లైనక్స్ సోర్స్ కాదు, ఆ పెట్టెలో ఉన్న బైనరీకి సరిగ్గా సరిపడే సోర్స్. జీపీఎల్ వెర్షన్ 2 మూడో క్లాజు ప్రకారం అన్ని మాడ్యూళ్ల సోర్స్, ఇంటర్‌ఫేస్ ఫైళ్లు, కంపైల్ చేయడానికీ ఇన్‌స్టాల్ చేయడానికీ వాడిన స్క్రిప్టులు, అన్నీ అందులో భాగమే.

కెర్నల్ మట్టుకే తీసుకున్నా ఇందులో ఐదు విషయాలుంటాయి: ఏ వెర్షనో చివరి అంకెతో సహా, బోర్డు తయారీదారు వేసిన ప్యాచులు (అసలు కోడ్ మీద చేసిన మార్పులు), సంస్థ వేసిన ప్యాచులు, అంటే రిలే బోర్డు కోసం రాసిన డ్రైవర్ వంటివి, బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు, వేలాది ఆప్షన్లలో ఏవి ఆన్, ఏవి ఆఫ్ అని నమోదైన డాట్ కాన్ఫిగ్ ఫైలు. వీటిలో ఎక్కువగా పోయేది చివరిదే. వంద మెగాబైట్లకు పైబడిన సోర్స్ కట్ట పంపి, కొన్ని వేల వరుసల ఆ చిన్న టెక్స్ట్ ఫైలు మరిచిపోతారు. అది లేకుండా కంపైల్ అయ్యే కెర్నల్ ఆ బోర్డు మీద లేవదు. కంపైలర్‌ను సాధారణంగా ఇవ్వక్కర్లేదు గానీ, ఏ వెర్షన్ వాడారో రాసి ఉంచకపోతే అవతలివాడి బిల్డ్ సగంలో ఆగుతుంది.

సోర్స్ బయటికి రాకపోవడానికి దురుద్దేశం అరుదు, అస్తవ్యస్తమే ఎక్కువ. చైనాలోని షెన్‌జెన్ నుంచి తెప్పించిన బోర్డుతో సరఫరాదారు ఒక జిప్ ఫైలు పంపుతాడు. అందులో కెర్నల్ సోర్స్ ఉంటుంది, కానీ బోర్డులో నడుస్తున్న వెర్షన్ వేరు. సంస్థ ఇంజనీర్ తన లాప్‌టాప్‌లో నాలుగు ప్యాచులు వేసి బిల్డ్ చేసి, ఏడాది తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చి వెళ్లిపోతాడు. పెట్టెలు మాత్రం గుంటల మీద తిరుగుతూనే ఉంటాయి. మెయిల్ వచ్చిన రోజు వెతికితే దొరికేది ఇంకేదో వెర్షన్.

అందుకే ఈ పని బిల్డ్ రోజునే జరిగితే తేలిక, తర్వాత జరిగితే నరకం. బిల్డ్‌రూట్ అనే టూల్‌తో ఫర్మ్‌వేర్ తయారుచేసేవారికి మేక్ లీగల్-ఇన్ఫో అనే ఒక్క కమాండ్ ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షన్, లైసెన్స్‌తో పట్టిక, లైసెన్స్ పాఠాలు, సోర్స్ కట్టలు, కాన్ఫిగ్ ఫైలు ఒక ఫోల్డర్‌లో పోగుచేస్తుంది. అలాంటి మరో టూల్ యాక్టోలో ఇలాంటి పనికే ఆర్కైవర్ ఉంది. అయితే బిల్డ్‌రూట్ తన సొంత సోర్స్‌ను ఆ ఫోల్డర్‌లో వేయదు. బిల్డ్ స్క్రిప్టులు ఉండేది అందులోనే కాబట్టి దాన్నీ చేర్చాలి. ఆ ఫోల్డర్ మీద ఫర్మ్‌వేర్ వెర్షన్ నంబరు వేసి దాచిపెట్టి, ఖాళీ కంప్యూటర్‌లో ఒకసారి దాన్నుంచే బిల్డ్ చేసి చూస్తే లోపాలు అక్కడే బయటపడతాయి. లైసెన్స్ ఉల్లంఘనల మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ కూడా ఇచ్చిన సోర్స్ నిజంగా బిల్డ్ అవుతుందా లేదా అన్నదే చూస్తుంది.

## మూడేళ్ల లెక్క

అమ్మే సంస్థకు వెర్షన్ 2 ఇచ్చే దారులు రెండు. ఒకటి, పెట్టెతో పాటే సోర్స్ ఇవ్వడం: మెమరీ కార్డులోనో పెన్‌డ్రైవ్‌లోనో. రెండోది, పెట్టెతో ఒక రాతపూర్వక హామీ ఇవ్వడం: కనీసం మూడేళ్లపాటు ఎవరడిగినా సోర్స్ ఇస్తామని. మూడో దారి, అంటే తనకొచ్చిన హామీ కాగితాన్నే ముందుకు పంపడం, వ్యాపారం కాని పంపిణీకి మాత్రమే. షెన్‌జెన్ సరఫరాదారు ఇచ్చిన హామీని చూపించి ఒంగోలు సంస్థ తప్పుకోలేదు.

రెండు దారుల మధ్య తేడా కాగితం మీద కనిపించేదానికన్నా పెద్దది. సోర్స్ పెట్టెతోనే ఇచ్చేస్తే ఆ పెట్టెకు సంబంధించి బాకీ తీరిపోయింది. హామీ ఇస్తే, వెర్షన్ 2 మాటల్లో అది "ఏ మూడో వ్యక్తికైనా" వర్తిస్తుంది. పెట్టె కొన్న రైతు, అతని కొడుకు, ఏమీ కొనని అల్లూరు రైతు, ఎవరైనా అడగవచ్చు.

గడువు సంస్థ మొదలెట్టిన రోజునుంచి కాదు, ప్రతి పంపిణీ నుంచీ లెక్క. ఫర్మ్‌వేర్ 1.2 వెర్షన్ ఉన్న ఆఖరి పెట్టె 2025 మార్చిలో అమ్మితే, ఆ వెర్షన్ సోర్స్ 2028 మార్చి దాకా చేతిలో ఉండాలి. 2026 జనవరిలో అవే పెట్టెలకు 1.3 అప్‌డేట్ పంపితే, 1.3 సోర్స్ 2029 జనవరి దాకా. 1.3 ఉంది కదా అని 1.2ను చెరిపేయకూడదు. అప్‌డేట్ చేసుకోని పెట్టెలు ఉంటాయి, వాటి కాగితం మీద ఉన్న మాట 1.2 గురించే.

ఎంత వసూలు చేయవచ్చు? వెర్షన్ 2 ఒప్పుకునేది కాపీ చేసి పంపడానికి అయ్యే ఖర్చు మాత్రమే. పెన్‌డ్రైవ్ 300, నెల్లూరుకు కొరియర్ 80 అయితే 380 రూపాయలు. "మా ఇంజనీర్ రెండు రోజులు వెతకాలి, పాతిక వేలు" అనడం కుదరదు. ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్‌కు పెట్టిన ఫర్మ్‌వేర్‌కైతే సోర్స్ కూడా అదే చోట, అంతే తేలిగ్గా దొరికితే చాలు. గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) పెట్టాలన్న నియమమేమీ లేదు. పెడితే మంచిదే, కానీ పేజీ చూడని రైతుకు పెట్టెతో ఇచ్చే కాగితంలో ఆ సంగతి ఉండాలి.

## వెర్షన్ 3: గట్టు మీద పెట్టె వేరు, మేడ మీద పెట్టె వేరు

టీవో అనే అమెరికా సంస్థ అమ్మిన వీడియో రికార్డర్లలో లైనక్స్ ఉండేది. సోర్స్ ఇచ్చారు. కానీ ఎవరైనా దాన్ని మార్చి ఎక్కిస్తే, సంస్థ డిజిటల్ సంతకం లేదని యంత్రం నడపనిచ్చేది కాదు. దీనికి జవాబుగా వెర్షన్ 3లో ఇన్‌స్టలేషన్ సమాచారం అనే షరతు వచ్చింది. మార్చిన కోడ్‌ను ఆ యంత్రంలోనే ఎక్కించడానికి కావలసిన పద్ధతులు, అవసరమైతే తాళం కీలు కూడా ఇవ్వాలి. ఇంటి అవసరాలకు వాడే వస్తువులకు, ఇళ్లలో బిగించడానికి అమ్మేవాటికే ఇది వర్తిస్తుంది.

మన ఒంగోలు సంస్థ అదే బోర్డుతో ఇంటి మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు ఆపే పెట్టె కూడా చేస్తుందనుకుందాం. రెండిట్లోనూ జీపీఎల్ వెర్షన్ 3 కింద ఉన్న బాష్, అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్, ఉంది. ట్యాంకు పెట్టె ఇంటి వస్తువు కాబట్టి ఇన్‌స్టలేషన్ సమాచారం ఇవ్వాలి. ఏరియేటర్ కంట్రోలర్ వ్యవసాయ వ్యాపారానికి వాడేది, ఆ షరతు కిందికి రాదన్నది బలమైన వాదన. సందేహం ఉన్నచోట ఇంటి వస్తువుగానే లెక్కించాలని మాత్రం లైసెన్సే చెబుతోంది. మార్చుకున్న పెట్టెకు వారంటీ, అప్‌డేట్లు కొనసాగించాల్సిన పని సంస్థకు లేదు. గడువు కూడా మారింది: హామీ దారి పట్టినవారు మూడేళ్లతో పాటు, ఆ మోడల్‌కు విడిభాగాలో సర్వీసో ఇస్తున్నంత కాలం సోర్స్ ఇవ్వాలి. అడిగే హక్కు బైనరీ చేతిలో ఉన్నవారికే పరిమితమైంది.

## సర్వర్‌లో నడిచేదానికి

రైతు ఫోన్‌లో చూసే గ్రాఫులు సంస్థ సర్వర్ నుంచి వస్తాయి. సర్వర్‌లోని ప్రోగ్రామ్ కాపీ రైతుకు వెళ్లదు, గ్రాఫు మాత్రమే వెళ్తుంది. మామూలు జీపీఎల్ దీన్ని పంపిణీగా చూడదు. ఈ ఖాళీని పూడ్చడానికే ఏజీపీఎల్. ఆ లైసెన్స్ ఉన్న ప్రోగ్రామ్‌ను మార్చి, నెట్‌వర్క్ మీద ఇతరులు వాడేలా పెడితే, వాడే ప్రతివారికీ మార్చిన సోర్స్ ఉచితంగా అందే దారి చూపించాలి.

గ్రాఫుల కోసం చాలామంది వాడే గ్రఫానా 2021 ఏప్రిల్‌లో అపాచీ నుంచి ఏజీపీఎల్‌కు మారింది. సంస్థ దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడి, డాష్‌బోర్డులు మాత్రం తయారుచేసుకుంటే ఈ షరతు లేవదు. గ్రఫానా కోడ్‌లోనే చెయ్యి పెట్టి తెలుగు తేదీలు వచ్చేలా మార్చి రైతులకు లాగిన్లు ఇస్తే లేస్తుంది.

## ఇంకా తేలని చోట్లు

సోర్స్ ఇవ్వకుండా మూసిన కెర్నల్ డ్రైవర్లు చెల్లుతాయా అన్నది మొదటిది. కెర్నల్ లోపలి ఫంక్షన్లు పిలిచే ఏ మాడ్యూలైనా కెర్నల్ నుంచి పుట్టినదేనని ఒక పక్షం. ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం విడిగా రాసి, పైన సన్నటి అతుకు వేసి తెచ్చినది అలా కాదని రెండో పక్షం. కెర్నల్ డెవలపర్లు కొన్ని ఫంక్షన్లను జీపీఎల్ మాడ్యూళ్లకు మాత్రమే అందేలా గుర్తుపెట్టి తమ అభిప్రాయాన్ని కోడ్‌లోనే చెప్పారు. ఒంగోలు సంస్థ రిలే డ్రైవర్ మాత్రం లైనక్స్ కోసమే మొదటినుంచీ రాసింది. దానికి రెండో వాదన అతకదు.

రెండోది, సోర్స్ కోసం కోర్టుకెక్కే హక్కు ఎవరిది? సంప్రదాయంగా కాపీరైట్ ఉన్నవారిది. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ 2021లో టీవీల సంస్థ విజియో మీద కాలిఫోర్నియాలో వేసిన దావాలో, టీవీ కొన్నవారిగా, ఒప్పందం వల్ల మేలు పొందాల్సిన మూడో పక్షంగా అడిగింది. ఇది కాపీరైట్ గొడవేనని విజియో ఫెడరల్ కోర్టుకు తీసుకెళ్తే, 2022లో ఆ కోర్టు కేసును రాష్ట్ర కోర్టుకే తిప్పి పంపింది. ఈ వాదన నిలిస్తే విడవలూరు కుర్రాడిలాంటివారి స్థానం మారుతుంది. నిలవకూడదనేవారి మాటలోనూ పస ఉంది: రాసినవారు పట్టించుకోని చిన్న లోపాలకు కూడా కొనుగోలుదారులంతా దావాలు వేస్తే చిన్న సంస్థలు లైనక్స్‌కే దూరమవుతాయంటారు.

మూడోది లైనక్స్ అమ్మే సంస్థ రెడ్ హ్యాట్ వ్యవహారం. 2023 జూన్‌లో ఆ సంస్థ తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ సోర్స్‌ను అందరికీ పెట్టడం మానేసి కస్టమర్లకు పరిమితం చేసింది. అంతవరకు జీపీఎల్‌కు అనుగుణమే, బైనరీ అందుకున్నవారికే సోర్స్ బాకీ. చిక్కు దాని తర్వాతి మెట్టులో ఉంది. కస్టమర్ ఆ సోర్స్‌ను ఇతరులకు పంచితే సంస్థ అతని సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకోవచ్చు. చేతికొచ్చిన కోడ్ మీద హక్కు పోలేదు, రేపటి అప్‌డేట్లు ఎవరికివ్వాలన్నది మా ఇష్టమని ఒక వైపు. హక్కు వాడుకుంటే శిక్ష ఉందంటే అది లైసెన్స్ నిషేధించిన అదనపు ఆంక్షేనని మరో వైపు. లైసెన్స్ అక్షరం మొదటివారికి అనుకూలంగా ఉన్నట్టు కనిపిస్తుంది, దాని ఉద్దేశం మాత్రం రెండోవారి పక్షానే ఉంది.

## ఇవ్వకపోతే

వెర్షన్ 2లో షరతు తప్పిన క్షణమే లైసెన్స్ రద్దవుతుంది. ఆ తర్వాత అమ్మే ప్రతి పెట్టె అనుమతి లేని కాపీ. మన చట్టంలో 51వ సెక్షన్ దాన్ని ఉల్లంఘన అంటుంది, 55వ సెక్షన్ కింద అమ్మకాలు ఆపే ఉత్తర్వు, నష్టపరిహారం కోరవచ్చు. జీపీఎల్ షరతులు కోర్టుల్లో నిలుస్తాయని 2004లోనే జర్మనీలోని మ్యూనిక్ జిల్లా కోర్టు కెర్నల్ డెవలపర్ హరాల్డ్ వెల్టే వేసిన కేసులో చూపించింది.

కోర్టు దాకా పోనివే ఎక్కువ, వాటిలో మంచి ఫలితాలూ ఉన్నాయి. 2003లో లింక్‌సిస్ రౌటర్‌లో లైనక్స్ ఉందని బయటపడి, ఒత్తిడి వచ్చాక సోర్స్ విడుదలైంది. దాని మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ ఫర్మ్‌వేర్ మొదలైంది. తయారీదారులు అప్‌డేట్లు మానేసిన రౌటర్లను నేటికీ బతికిస్తున్నది అదే. సోర్స్ షరతు విలువ రైతుకు కూడా ఇలాగే తెలుస్తుంది. పెట్టె చేసిన సంస్థ మూతపడినా, కెర్నల్ సోర్స్, డ్రైవర్, కాన్ఫిగ్ ఉంటే నెల్లూరులో ఇంకో ఇంజనీర్ ఆ బోర్డును మళ్లీ లేపగలడు. లేకపోతే పాతిక వేల పెట్టె తుక్కు.

వెర్షన్ 3 తప్పు దిద్దుకునే వ్యవధి ఇచ్చింది. మొదటిసారి నోటీసు అందిన 30 రోజుల్లో సరిచేస్తే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. ఉల్లంఘన ఆగిన 60 రోజుల్లో ఏ నోటీసూ రాకపోయినా అంతే. వెర్షన్ 2 కింద ఉన్న కెర్నల్‌కు కూడా ఇదే ఉదారత చూపిస్తామని 2017లో చాలామంది కెర్నల్ డెవలపర్లు ప్రకటన మీద పేర్లు పెట్టారు. అదే ఏడాది రెడ్ హ్యాట్, ఐబీఎం, గూగుల్, ఫేస్‌బుక్ కూడా తమ కోడ్‌కు అదే మాట ఇచ్చాయి. పేరు పెట్టని రచయితలకు ఆ మాట వర్తించదు.

30 రోజుల్లో సరిచేయలేని సందర్భం ఒకటుంది: షెన్‌జెన్ సరఫరాదారు తన కెర్నల్ ప్యాచులు ఇవ్వనంటే. అమ్మింది ఒంగోలు సంస్థ కాబట్టి బాకీ దానిదే, "పైవాడు ఇవ్వలేదు" అన్నది జవాబు కాదు. అప్పుడు మిగిలేది ఆ ఫర్మ్‌వేర్‌తో అమ్మకం ఆపి, ఆ చిప్‌ను నడపగల అసలు లైనక్స్ కెర్నల్‌తో కొత్త ఫర్మ్‌వేర్ చేసుకోవడం. చిప్‌కు మద్దతు అసలు కెర్నల్‌లో ఇప్పటికే ఉంటే అది కొన్ని వారాల పని. లేకపోతే బోర్డే మార్చాలి. తర్వాతి బోర్డు కొనుగోలు ఆర్డర్‌లో "డబ్బు విడుదలకు ముందు, బిల్డ్ అయ్యే సోర్స్ అందాలి" అన్న వాక్యం చేర్చే సంస్థలు ఇందువల్లే ఉన్నాయి.